ఇక్కడ జర చూడు

సుచిత్ర గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఒకటే. ఆమెతో వాదనకు దిగకండి, చివరికి మీరే అలిసిపోతారు. నేను దిగి దిగి అలిసిపోయినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌లో ఇద్దరం పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పేవాళ్లం. ఆమె వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పేది, నేను కంప్యూటర్‌లో అకౌంట్స్ రాయడం నేర్పేదాన్ని. నా పేరు ఉదయలక్ష్మి. మా నాన్నగారిది తెనాలి దగ్గర పల్లె. నేను మాత్రం పుట్టిందీ, పెరిగిందీ, కాపురం చేస్తున్నదీ సైదాబాద్‌లోనే. సుచిత్ర వాళ్లది పోచంపల్లి పక్కన నేతవాళ్ల ఊరు. తండ్రి పోయాక తల్లి లలితమ్మతో చంపాపేట్‌లో కిరాయి ఇంట్లో ఉండేది. బక్కపల్చటి మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కానీ ఒకటి అనుకుందంటే అయ్యేదాకా వదలదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచినా ఒక చేయి మౌస్ మీదే ఉండేది. చిరాకేసి ఒకరోజు ఆ మౌస్ దాచేశాను. కీబోర్డుతోనే పని కానిచ్చుకుంది, మహాతల్లి.

వాళ్ల చేనేత సొసైటీకి ఎల్బీనగర్‌లో ఒక బట్టల దుకాణం ఉంది. ముందు గదిలో చీరలు, వెనక గదిలో కొనేవాళ్లు చూడటానికి ఒక మగ్గం. చీర ఏ ఇంట్లో నేసినా కొన్నవాళ్లకు ఆ ఇల్లు ఏదో తెలిసేది కాదు, మధ్యలో అమ్మినవాడి పేరే తెలిసేది. సుచిత్రకు అదే మంట. సొసైటీ కోసం ఒక వికీ పెట్టింది. వికీ అంటే ఎవరైనా చదవగలిగే, ఎవరైనా రాయగలిగే, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దగలిగే వెబ్‌సైటు. నేసే ప్రతి కుటుంబానికీ ఒక పేజీ. తమ చీరల ఫొటోలు, నేసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు తామే పెట్టుకోవాలి. కొనేవాళ్లు నేరుగా వాళ్లకే ఫోన్ చేయాలి.

సొసైటీ అధ్యక్షుడు జానయ్య చెడ్డవాడేం కాదు, కానీ తొందర మనిషి. ఒక బయటి కంపెనీ వచ్చి అందమైన వెబ్‌సైటు ఉచితంగా చేసి పెడతామంది. ఒక్కటే షరతు, అందరి చీరల పక్కనా కంపెనీ ఫోన్ నంబరే ఉంటుంది. జానయ్య సగం ఒప్పుకున్నాడు కూడా. సుచిత్ర పోయి ఆయన ఎదుట కూర్చుంది.

"మామా, మనోళ్ల పేర్లు పోతయి. మనోళ్లే రాసుకునేటట్టు నేను జేస్త."

"ఏం రాస్తరు బిడ్డా? నీ దాంట్ల అన్ని కోడిగీతలే ఉన్నయి, నాకే సమజ్ కాలే. సరే, ఒక మాట జెప్త. సమ్మె అయినంక సర్వసభ్య సమావేశం పెడ్త. ఆ దినమే కంపెనీ ఆయన ఫోన్ జేస్తడు, అవునో కాదో చెప్పాలె. అందరి ముంగట మన అండాలమ్మ కూసోని రాయాలె. నువ్వు చెయ్యి పెట్టొద్దు, నోరు తెర్వొద్దు. ఆమె రాస్తే నీదే ఉంటది. లేకుంటే కంపెనీది."

అండాలమ్మ అంటే ఆ దుకాణంలోని మగ్గం మీద నేసే పెద్దావిడ. చిన్న బడి దాకా చదువుకుంది, పేపరు గట్టిగా చదువుతుంది, అంతకంటే గట్టిగా తిడుతుంది. కంప్యూటర్ ఏనాడూ ముట్టుకున్న మనిషి కాదు.

అది రెండువేల పదకొండు, తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, మా సెంటర్‌కు తాళం పడింది, కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. నేను ఇంట్లో కూర్చుని మా ఆయన మీద విసుక్కుంటుంటే సుచిత్ర ఫోన్ చేసింది.

"అక్కా, ఖాళీగనే ఉన్నవ్ గదా, నీ స్కూటీ ఏసుకొని రా. ఇల్లిల్లూ తిరుగుడుంది."

"నా స్కూటీలో పెట్రోలు లేదమ్మా, మీ ఉద్యమం పుణ్యమా అని."

"నీ స్కూటీ కన్న రాష్ట్రం పెద్దదక్కా. బంకు దగ్గర లైన్ల నేను నిలబడ్త, రా."

వెళ్లాను. వెళ్లకపోతే ఏం చేస్తాను చెప్పండి?

మొదటి పరీక్ష లలితమ్మగారికే పెట్టింది. ఒక పేజీ తయారుచేసి, "అమ్మా, దీంట్ల మన చీర గురించి ఒక మాట కలుపు" అని లాప్‌టాప్ ముందుపెట్టి మేమిద్దరం వంటింట్లోకి పోయాం. వికీలో రాసే పేజీ తెరిస్తే మాటల చుట్టూ చదరపు బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు, సమానం గుర్తులు ఉంటాయి. అవి ఉంటేనే ఫొటో ఫొటోలా, శీర్షిక శీర్షికలా కనిపిస్తుంది. మేం చాయ్ తాగి వచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఏం గలీజ్ పనే ఇది! కొసలన్ని ఎక్కడియక్కడ ఇడిసిపెట్టిండ్రు. నేను కూసోని అన్ని సాఫ్ జేసిన, చూడు."

చూశాం. నేసిన బట్టకు వేలాడే పోగుల కొసలు కత్తిరించినట్టు, పేజీలోని గుర్తులన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. ఫొటోలు పోయాయి, శీర్షికలు పోయాయి, లంకెలు పోయాయి. మాటలు మాత్రం ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను. సుచిత్ర నవ్వలేదు.

"మస్తు జేసినవమ్మా" అంది తల్లితో. నావైపు తిరిగి, "చూసినవా అక్కా? కొసలు కనబడితే మా ఇండ్లల్ల ఎవలైనా కత్తిరిస్తరు. కనబడకుంటనే చెయ్యాలె" అంది.

చేసింది. బ్రాకెట్లన్నీ లోపలికి దాచేసి, రాస్తున్నప్పుడు కూడా పేజీ చదివేటప్పుడు ఉన్నట్టే కనిపించేలా మార్చింది. కరెంటు ఉన్నంతసేపూ ఆ పనే, పోతే చాప మీద కాగితం పెట్టుకుని ఏ బటన్ ఎక్కడుండాలో గీసుకోవడం. పేజీ నెత్తిన ఉన్న బటన్లు ఒక్కొక్కటే పీకేసింది. పాత మార్పులు చూసేది, పేజీ పేరు మార్చేది, చర్చ చేసేది, అన్నీ పోయాయి. నేను గోల పెట్టాను.

"వికీకి ఉండాల్సినవన్నీ తీసేస్తుంటే ఇంకేం మిగులుతుందే?"

"రాసుడు మిగుల్తదక్కా."

ఇంగ్లీషు అక్షరాలున్న కీబోర్డు చూసి నేతవాళ్లు బెదురుతున్నారని, తెర మీదే అ ఆ ఇ ఈ వరసగా పలక మీద రాసినట్టు పెట్టింది. మౌస్‌తో నొక్కితే అక్షరం పడుతుంది. 'భద్రపరచు' అనే బటన్ చూసి లలితమ్మగారు, "ఇది బీరువల పెట్టుడా?" అని అడగగానే దాన్ని 'అయిపోయింది' అని మార్చేసింది. బటన్ల మీద భాష కాస్త పుస్తకంలో ఉన్నట్టు ఉండాలి కదా అన్నాను.

"పుస్తకాలు అమ్ముతలేం అక్కా, చీరలు అమ్ముతున్నం" అంది. నాకు ఒళ్లు మండింది.

ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండ్లన్నీ ఆగిపోయాయి. సుచిత్ర దిగి వెళ్లి భోజనాల బంతిలో కూర్చుంది. నేను స్కూటీ పట్టుకుని ఎండలో నిలబడ్డాను. "నువ్వు తినవా అక్కా?" అని ఎవరో అమ్మాయి పలకరిస్తే నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపాను. నోరు తెరిస్తే నా యాస తెలిసిపోతుంది. నిజం చెబుతున్నాను, ఆ రోజుల్లో నాకు భయంగా ఉండేది. పుట్టిన ఊళ్లో పరాయిదాన్ని అయిపోతానేమోనని.

సుచిత్ర విస్తరి పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "ఏందక్కా, మొఖం గట్ల పెట్టినవ్?"

"రాష్ట్రం వచ్చాక నన్ను పొమ్మంటారా సుచిత్రా?" అడిగేశాను.

"ఎవలంటరో వాళ్లను నాకు చూపెట్టు. నిన్ను పంపిస్తే నన్ను స్కూటీ మీద ఎవలు తిప్పుతరు? తిను ముందుగాల." నేనే ముద్ద కలుపుకుని తిన్నాను. పప్పులో కారం ఎక్కువైంది, కళ్లలో నీళ్లు అందుకే అని చెప్పాను.

బతుకమ్మ పాటలు మొదలయ్యేసరికి వికీలో పేజీలు నిండసాగాయి. చంపాపేట్‌లో, సైదాబాద్‌లో ఉన్న వాళ్ల బంధువులు, ఊళ్లో ఉన్నవాళ్లు, ఎవరి పేజీ వాళ్లు రాసుకుంటున్నారు. సుచిత్ర మొహంలో మొదటిసారి కంటినిండా నిద్రపోయిన కళ కనిపించింది. అంతలో బ్రహ్మం పేజీ తగులుకుంది.

బ్రహ్మం ఇంట్లో నేసిన చీరలు దిల్‌సుఖ్‌నగర్‌లో తనే అమ్ముకునే మనిషి, సొసైటీ సభ్యుడే. తన ఫోన్ నంబరు తనే తప్పు కొట్టాడు. ఆ నంబరుకు చేస్తే ఎవరో టైర్ల షాపు ఆయన ఎత్తి తిడుతున్నాడు. ఆ తప్పు అందరూ చూశారు. అందరూ సుచిత్రకే ఫోన్ చేసి చెప్పారు. 'దిద్దు' అన్న బటన్ పక్కనే ఉంది, ఒక్కరూ నొక్కలేదు.

సుచిత్ర ఆ బటన్‌ను పెద్దది చేసింది. ఎవరూ నొక్కలేదు. ఆకుపచ్చ రంగు వేసింది. నొక్కలేదు. ఎరుపు వేసింది.

"ఇంకాస్త పెద్దది చేసి ఆర్టీసీ బస్సుల మీద రాయించు, ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి" అన్నాను.

"నవ్వకక్కా, పరేషాన్ల ఉన్న. తప్పును చూస్తున్నరు, నాకు చెప్తున్నరు, దిద్దుతలేరు. గట్లయితే నేను లేన్నాడు దీన్ని చూసేటోళ్లెవలు? కంపెనీకి ఇచ్చినట్టే అయితది గద."

నాకు కోపం వచ్చింది. ఇంత చేసినా ఒక్క బటన్ నొక్కలేని మనుషుల కోసం ఈ పిల్ల ఎందుకు ఇలా అరిగిపోవాలి? అదే అనేశాను. "వాళ్లకు అక్కర్లేదే. అక్కరున్నవాళ్లయితే నొక్కేవాళ్లు. వదిలెయ్!"

ఆమె నాతో ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసి, "స్కూటీ తీసుకొని రా అక్కా, దుకాణంకు పోదాం" అంది, ఏమీ జరగనట్టు.

దుకాణం వెనక గదిలో అండాలమ్మ మగ్గం మీద ఉంది. ఆవిడను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడానికే వెళ్లాం. "ఈ చెయ్యెడు నేసుడు అయినంక" అందావిడ, సరేనని ఓ పక్కన కూర్చున్నాం. అప్పుడే మట్టయ్య అనే ఇంకో నేతగాడు లోపలికి వచ్చాడు. మగ్గం పక్కగా పోతూ ఆగి, బట్ట మీదికి వంగి చూశాడు. ఆ చిటికి చీరలో, అదే ఇక్కత్ చీరలో, చిలుక ముక్కు దగ్గర ఒక పోగు పక్కకు జరిగింది. చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"వదినా, ఇక్కడ జర చూడు."

అండాలమ్మ కళ్లు చికిలించి చూసింది. "నాకానుతలేదయ్యా. నువ్వే సరిచెయ్యి" అని లేచి పక్కకు తప్పుకుంది. అప్పుడు మట్టయ్య మగ్గంలోకి దిగి, పోగు జరిపి, పోగును అటూ ఇటూ మోసే నాడెను ఒక్కసారి వేసి, మళ్లీ లేచి ఆవిడ చోటు ఆవిడకు ఇచ్చేశాడు.

సుచిత్ర నా మోచేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"మట్టయ్య మామా, నువ్వే ముందుగాల సరిచెయ్యచ్చు గదా?" అని అడిగింది.

ఆయన ఆమెను వింతగా చూశాడు. "ఒకల మగ్గం మీద వాళ్లు చెప్పకుంట చెయ్యి ఎట్ల పెడ్తరు బిడ్డా? మీ నాయన గిది నేర్పలేదా?"

దారిలో స్కూటీ వెనక కూర్చుని నా చెవిలో ఒకటే చెప్పడం. "గదీ సంగతక్కా! మావోళ్లకు బటన్ కనబడక కాదు. ఒకలు రాసిందాంట్ల చెయ్యి పెట్టుమంటున్న నేను. అది తప్పు మాకు. అడగాలె. అడిగినంక వాళ్లు లేస్తే మనం కూసోవాలె."

"అలా అయితే అది వికీ అవదే. ఎవరైనా దిద్దొచ్చు అన్నదే కదా వికీ!"

"పేరేదన్న కానియక్కా. మావోళ్లు రాస్తే చాలు."

'దిద్దు' బటన్ మాయమైంది. దాని చోట 'ఇక్కడ జర చూడు' వచ్చింది. తప్పు కనిపించినచోట దాన్ని నొక్కి ఒక మాట రాస్తే ఆ వాక్యం పసుపు రంగులోకి మారుతుంది. పేజీ ఎవరిదో వాళ్లు నొక్కడానికి అక్కడ రెండు బటన్లు ఉంటాయి, 'సరిచేస్తున్న' అని ఒకటి, ఎదుటివాళ్లకు దిద్దే వీలిచ్చే 'నువ్వే సరిచెయ్యి' అని ఇంకొకటి. ఆ రాత్రికల్లా బ్రహ్మం పేజీ పసుపుతో పెళ్లికూతురిలా తయారైంది. పొద్దున్నే ఆయన సిగ్గుపడుతూ నంబరు దిద్దుకున్నాడు. నేను వదిలెయ్యమన్న మనుషులే ఒకరి పేజీ ఒకరు చూసి చెప్పుకుంటున్నారు. నా మాట నేనే మింగాల్సి వచ్చింది.

సమ్మె విరమించాక ఒక ఆదివారం సమావేశం పెట్టారు. దుకాణం కిక్కిరిసిపోయింది. జానయ్య లాప్‌టాప్ ముందు కుర్చీ వేయించి, ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్య వేదవతి ఆడవాళ్ల వరసలో అందరికంటే వెనక కూర్చుంది. సుచిత్రను గోడ దగ్గర నిలబెట్టారు. పెదవులు బిగించి నిలబడింది పిల్ల.

ముందే సుచిత్ర దగ్గర నాలుగు రోజులు మౌస్ తిప్పడం నేర్చుకున్న అండాలమ్మ వచ్చి కూర్చుంది. మౌస్ గట్టిగా పట్టుకుంది. పలక మీద అక్షరాలు వెతుక్కుంటూ, ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కి "థూ!" అనుకుంటూ, తన పేరు రాసింది. 'చిలుకల చీర నేసిన. చేతిల ఉన్నది, కావాల్నంటే ఫోన్ చెయ్యుండ్రి' అని రాసింది. 'అయిపోయింది' నొక్కింది. గదంతా చప్పట్లు.

అండాలమ్మ మాత్రం లేవలేదు. "ఆగుండ్రి, ఇంకొకటి చూసేది ఉన్నది" అని జానయ్య పేజీ తెరిచింది. ఎర్రంచు నల్ల చీర ఫొటో, కింద 'నేసింది: జానయ్య' అని ఉంది. ఆవిడ నెమ్మదిగా 'ఇక్కడ జర చూడు' నొక్కింది. అక్షరం అక్షరం ఏరుకుని రాసింది. వాక్యం పసుపు రంగులోకి మారింది. పక్కన ఆవిడ రాసిన మాట పెద్ద అక్షరాల్లో అందరికీ కనిపిస్తోంది: 'ఈ చీర నేసింది వేదవతి.'

అధ్యక్షుణ్ని, అందరి ముందు! "అయిపోయిందే నీ వికీ" అని సుచిత్ర చెవిలో గొణిగాను. ఆమె మాట్లాడకూడదు, చేయి పెట్టకూడదు. షరతు అదే కదా. కళ్లు మాత్రం జానయ్య మీంచి తిప్పలేదు.

"ఏందొదినా ఇది?" అన్నాడు జానయ్య.

"నువ్వు సొసైటీ పని మీద తిరుగుతుంటివి. నేసింది ఆమె. నేను చూసిన గద. నీ పేజీల నేను చెయ్యి పెట్టలే, చూడుమన్న అంతే."

జానయ్య వంగి, మౌస్ అందుకుని, 'నువ్వే సరిచెయ్యి' నొక్కాడు. అండాలమ్మ మళ్లీ మౌస్ వైపు చేయి చాపింది.

"నువ్వు కాదొదినా" అన్నాడు. వెనక్కి తిరిగి, "రా" అని భార్యను పిలిచాడు. అండాలమ్మ లేచి చోటిచ్చింది.

వేదవతి కుర్చీ అంచున కూర్చుంది. తన పేరు తనే రాసుకుంది, దీర్ఘం ఒకటి మరిచిపోయి మళ్లీ వెనక్కి వచ్చి పెట్టుకుంది. ఆ కింద ఫోన్ నంబరు గడి దగ్గర ఆగింది.

"నేసినోళ్ల నంబర్ వెయ్యాల్నట. నాకు ఫోనేడుంది?" అంది మెల్లగా.

జానయ్య జేబులోంచి ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇగ ఇది నీ తాననే ఉంచుకో" అన్నాడు.

ఆమె నంబరు వేస్తుండగానే ఆ ఫోన్ మోగింది. కంపెనీ ఆయనే. వేదవతి భర్త ముఖంలోకి చూసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కకు జరిగాడు.

"హలో... లేదన్నా, జానయ్య కాదు, వేదవతిని మాట్లాడుతున్న. ఆ, మీటింగ్ నడుస్తున్నది. మాకొద్దన్నా. మాది మేమే రాసుకుంటున్నం."

ఫోన్ పక్కన పెట్టి, తెరవైపు తిరిగి, 'అయిపోయింది' ఎక్కడుందో వెతుక్కుని నొక్కింది.